కొలిచి తినడం మనకు కొత్త కాదు



మన పేట చరిత్ర గురించి రాసేటప్పుడు ఎప్పుడూ మగ్గం దగ్గరే మొదలుపెడతాం. ఈసారి కంచం దగ్గర మొదలుపెడుతున్నాం. కారణం మీకూ తెలుసు. భవాని పేట్‌లో ఇప్పుడు ఏ గల్లీలోకి పోయినా ఎవరో ఒకరు డైట్‌లో ఉన్నారు. ఒకరు రోజుకు రెండే పూటలు అంటారు. ఒకరు అన్నం, రొట్టె రెండూ బంద్ అంటారు. ఇంకొకరు కొర్రలు, సామలు తప్ప ముట్టరు. సోమవారం మొదలైన డైట్‌కు బుధవారం నీరసం, శుక్రవారం తలనొప్పి, ఆదివారం మటన్. ఆ తర్వాత "మన వల్ల కాదు లేవయ్యా, నోరు కట్టుకోవడం మన ఇండ్లల్ల ఎప్పుడుంది" అని నవ్వుకుంటాం.

ఆ మాట చరిత్రకు సరిపోదు. గత నూటయాభై ఏళ్ళలో సోలాపూర్ జనం కొలిచిన తిండి చాలాసార్లే తిన్నారు. కరువులో తిన్నారు, యుద్ధకాలంలో తిన్నారు, 1972లో తిన్నారు. అప్పుడు కొలత గిన్నె సర్కారు చేతిలో ఉండేది, ఇప్పుడు మన చేతికి వచ్చింది. ఈ తేడా తెలియకుండా డైట్ మొదలుపెడితే ఒకే ఇంట్లో ఒకరికి మేలు, ఇంకొకరికి కీడు జరుగుతుంది. అది ఎట్లాగో చూద్దాం.

ధాత కరువు నాటి గింజల లెక్క

1876లో వానలు పోయాయి. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం, అందుకే మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. రెండేళ్ళు సాగిన ఆ కరువులో బొంబాయి ఇలాకాలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో సోలాపూర్ ఒకటి. అప్పటికే మనవాళ్ళు నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు వైపు నుంచి తరతరాలుగా ఇక్కడికి వచ్చి మగ్గాలు వేసుకుని ఉన్నారు.

కరువులో నేతగాడి ఆకలి రైతు ఆకలి కన్నా వేరు. రైతు ఇంట్లో గింజలు అయిపోవాలి. నేతగాడి ఇంటికి ఆకలి అంతకన్నా ముందే వస్తుంది. గింజ ధర పెరగగానే జనం మొట్టమొదట మానేసేది కొత్త బట్ట కొనడం. బజారులో గింజలు ఉంటాయి, మగ్గం మీద చీర ఉంటుంది, చీర కొనేవాడు మాత్రం ఉండడు. అందుకే తర్వాత వచ్చిన కరువు నిబంధనల్లో నేతగాళ్ళను రాళ్ళు కొట్టే పనికి పంపకుండా వాళ్ళ పనిలోనే ఆదుకోవాలన్న మాట చేరింది. రాయి కొట్టి చేతులు బండబారితే మళ్ళీ సన్న నూలు పట్టలేవు కదా.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి ఒక లెక్క తీశాడు. కరువు పనిలో కూలి చేసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, దాని పైన ఒక అణా డబ్బులు. దీనికి చరిత్రలో 'టెంపుల్ కూలి' అని పేరు పడింది. బొంబాయి ఇలాకాలో వేలమంది ఈ కూలి మాకొద్దని పనులు వదిలి వెళ్ళిపోయారు. పుణె సార్వజనిక్ సభ వాళ్ళ తరఫున సర్కారుకు అర్జీలు రాసింది. మద్రాసులో సానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు, మట్టి మోసే మనిషి ఈ తిండితో బతకడని గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత మద్రాసు సర్కారు కూలి పెంచక తప్పలేదు.

ఇప్పటి భాషలో చెప్పాలంటే 450 గ్రాముల జొన్నలు లేదా బియ్యం అంటే సుమారు 1,550 నుంచి 1,600 కేలరీలు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి. ఈ రోజు బరువు తగ్గమని మనకు ఇచ్చే చాలా చీటీల్లో ఉండేది 1,200 నుంచి 1,500 కేలరీలు. అంటే నాడు జనం తిరగబడిన కరువు కూలి కన్నా కొంచెం తక్కువే. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే మనిషికి అది సరిపోవచ్చు. రోజంతా ఒళ్ళు వంచి పని చేసే మనిషికి అదే చీటీ ఇస్తే అది డైట్ కాదు, ధాత కరువు.

దానికి పద్నాలుగేళ్ళ ముందే, 1863లో, లండన్‌లో విలియం బాంటింగ్ అనే పెద్దమనిషి ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. అంత్యక్రియలు ఏర్పాటు చేయడం ఆయన వ్యాపారం. అరవై ఆరేళ్ళ వయసులో 202 పౌన్ల బరువు ఉండేవాడు. వంగి చెప్పుల దారం కట్టుకోలేక, మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగేవాడు. డాక్టర్ చెప్పినట్టు రొట్టె, చక్కెర, బీరు, ఆలుగడ్డ మానేసి ఏడాదిలో 46 పౌన్లు, అంటే దాదాపు 21 కిలోలు తగ్గాడు. ఇప్పుడు మన ఫోన్లలో తిరిగే 'అన్నం బంద్' డైట్లకు ముత్తాత ఆ పుస్తకమే. ఒకే రాజ్యం, ఒకే కాలం. అక్కడ ఒక మనిషి తిండి ఎక్కువై తగ్గించుకున్నాడు, ఇక్కడ లక్షల మందికి తిండి లేక సర్కారు తగ్గించింది. మనం ఈ రెండో కథలోంచి వచ్చినవాళ్ళం. అందుకే 'తక్కువ తిను' అన్న మాట మన ఇండ్లలో పెద్దల చెవికి శాపంలా వినిపిస్తుంది. మనవడు రెండో రొట్టె వద్దంటే నాయనమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరగడానికి వెనక ఇంత కథ ఉంది.

మగ్గం తిన్న తిండి

మరి మన తాతలు కడుపునిండా తిన్న రోజుల్లో ఎందుకు లావెక్కలేదు? గుంట మగ్గంలో కూర్చుంటే రెండు కాళ్ళూ ఆగవు, రెండు చేతులూ ఆగవు. కాలు తొక్కాలి, నాడె విసరాలి, పలక గుద్దాలి. పడుగు చేయడానికి వీధి పొడుగునా నడవాలి. ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టాలి, గంజి పెట్టాలి. మన స్వస్థలం నల్లగొండ వైపు ఆసు పోసే తల్లి ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. తన తల్లి పడే ఆ బాధ చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, దానికే 2017లో పద్మశ్రీ అందుకున్నారు. తిన్న రొట్టెలు చేతుల్లోంచి, కాళ్ళల్లోంచి బట్టలోకి పోయేవి.

1877లో జూనీ మిల్లు నడవడం మొదలైంది. తర్వాత లక్ష్మి, విష్ణు, నర్సింగ్ గిర్జీ వచ్చాయి. మిల్లు భోంగా మోగితే పేట లేచేది, భోంగా మోగితే తినేది. వేళ తప్పని తిండి మనకు అట్లా అలవాటైంది. తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడ్డాయి, చేతి మగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చింది. చద్దర్, టవల్‌తో సోలాపూర్ పేరు దేశమంతా పాకింది. కార్ఖానాలో పని చేసేవాళ్ళు నిలబడి మగ్గాల మధ్య తిరుగుతారు కాబట్టి కొంతవరకు నయం. కానీ మాలకుడు కుర్చీలో కూర్చుంటాడు. దుకాణంలో గుమస్తా కూర్చుంటాడు. ఇంట్లో బీడీలు చుట్టే అక్కలు చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా కదలకుండా కూర్చుంటారు. తాతల పని పోయింది గాని తాతల ఆకలి మాత్రం మన కంచంలో అట్లాగే ఉండిపోయింది.

ఎర్ర జొన్న, సుకడి, రేషను గోధుమ

రెండోసారి కొలిచిన తిండి యుద్ధకాలంలో వచ్చింది. 1943లో బొంబాయి నగరంలో రేషను మొదలైంది. ఆ తర్వాత రేషను కార్డు ప్రతి ఇంటికీ చుట్టమైంది. మూడోసారి 1972. ఆ ఏడు మహారాష్ట్రలో పడిన కరువు మన పేటలో డెబ్బై దాటిన ప్రతి ఒక్కరికీ గుర్తుంటుంది. ఊళ్ళ నుంచి వచ్చిన జనం ఖడీ కొట్టారు, రోడ్లు వేశారు. రాష్ట్రంలో ఉపాధి హామీ పథకం పుట్టింది అప్పుడే. అమెరికా నుంచి 'మిలో' అనే ఎర్ర జొన్న వచ్చింది. కరువు పనుల దగ్గర సుకడి పంచారు. ఆ ఎర్ర రొట్టె గొంతు దిగేది కాదని ఇప్పటికీ చెప్పే పెద్దలున్నారు.

మన కంచం మారింది కూడా ఆ కాలంలోనే. సోలాపూర్ అంటే జొన్నల నేల. మంగళ్‌వేఢా జొన్నకు భౌగోళిక గుర్తింపు ఉంది. దక్కన్ అంతటా వేసే మాల్దండి రకాన్ని 1930లలో మన జిల్లాలోని మోహోళ్‌లోనే ఎంచి తీశారు. అట్లాంటి చోట రేషను దుకాణం మనకు బియ్యం, గోధుమలు అలవాటు చేసింది. 2013 ఆహార భద్రత చట్టం కింద అర్హత ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం. 2023 జనవరి నుంచి అది పూర్తిగా ఉచితం. అది ఎన్ని ఇండ్ల పొయ్యి వెలిగించిందో మనకు తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఫలితం ఏమైందంటే, ఒకప్పుడు పేదవాడి తిండి అయిన జొన్న ఇప్పుడు డబ్బు పెట్టి కొనాలి, ఒకప్పుడు పండుగ తిండి అయిన బియ్యం ఊరికే వస్తుంది. డైట్ చీటీలో 'బియ్యం బదులు జొన్న' అని రాయడం డాక్టరుకు ఒక్క మాట. బీడీల మీద బతికే ఇంటికి అది నెల ఖర్చు.

పలచటి ఒళ్ళు, ముందుకొచ్చిన పొట్ట

"నేను లావు లేను కదా, నాకు డైట్ ఎందుకు" అనే అన్నలు మనలో చాలామంది. చేతులు కాళ్ళు పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం ముందుకు ఉంటుంది. దీన్ని మనకు దగ్గర్లోనే, పుణెలో కనిపెట్టారు. కె.ఇ.ఎం. ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి పుణె చుట్టుపక్కల పల్లెల్లో గర్భవతులను, వాళ్ళ పిల్లలను ఏళ్ళ తరబడి గమనించింది. మన పిల్లలు పుట్టుకతోనే బరువు తక్కువ, కానీ ఆ తక్కువ బరువులో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని తేలింది. తల్లులకు సరైన తిండి లేకపోవడం దీనికి ఒక కారణమని వాళ్ళు చెప్పారు.

2004లో ఆయన, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ కలిసి తమ సొంత ఒళ్ళు కొలిచి లాన్సెట్ పత్రికలో ఫొటోతో సహా వేశారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడటానికి ఇద్దరూ సన్ననివాళ్ళే.

అందుకే 2009లో మన దేశ వైద్యులు కలిసి కూర్చుని మన ఒంటికి తగిన హద్దులు పెట్టారు. బి.ఎం.ఐ. 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే ఊబకాయం. నడుము కొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. టేపు మన దగ్గర లేదని ఎవరూ అనలేరు, బట్ట కొలిచే జాతి మనది. బరువు కాటా కన్నా మనకు ఆ టేపే నిజం చెబుతుంది. 2023లో వచ్చిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మందికి షుగర్ ఉంది. మన పేటలో ఏ ఇంటికి పోయినా చాయ్ ఇచ్చే ముందు "చక్కెర వేయాలా వద్దా" అని అడిగే రోజులు వచ్చాయి.

రెండు భాషల పేట, రెండు వైపుల డైట్లు

మనకు ఒక ప్రత్యేకత ఉంది. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ. కాబట్టి రెండు రాష్ట్రాల డైట్లు మన ఫోన్లలోకి ఒకేసారి వస్తాయి.

మరాఠీ వైపు నుంచి దీక్షిత్ డైట్ వచ్చింది. లాతూర్ వైద్య కళాశాలలో పని చేసిన డాక్టర్ జగన్నాథ్ దీక్షిత్, అంతకుముందు డాక్టర్ శ్రీకాంత్ జిచ్‌కార్ చెప్పిన ఆలోచనను తీసుకుని జనంలోకి తెచ్చారు. ఆకలి వేసే రెండు వేళల్లో మాత్రమే తినాలి, ఒక్కొక్క భోజనం 55 నిమిషాల్లో ముగించాలి, మధ్యలో ఏమీ ముట్టకూడదు. 2018లో మహారాష్ట్ర సర్కారు ఊబకాయ వ్యతిరేక ప్రచారానికి ఆయన్ను రాయబారిగా కూడా పెట్టుకుంది.

తెలుగు వైపు నుంచి విజయవాడ వీరమాచనేని రామకృష్ణ డైట్ వచ్చింది. 2017, 2018లలో ఆయన సభలకు జనం తిరునాళ్ళలా పోయారు. అన్నం, రొట్టె, పప్పు, పండు బంద్. రోజుకు కనీసం 70 గ్రాముల కొవ్వు, నాలుగు లీటర్ల నీళ్ళు, మూడు నిమ్మకాయలు, విటమిన్ మాత్రలు. దీని మీద డాక్టర్లలో పెద్ద వాదనే నడిచింది. ఇవి కాక మంతెన సత్యనారాయణ రాజు ఉప్పు లేని తిండి, మైసూరు ఖాదర్ వలీ సిరిధాన్యాలు ఉండనే ఉన్నాయి. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండి, అన్న దీక్షిత్ అని, తమ్ముడు రామకృష్ణ అని వాదించుకోవడం మన పేటలోనే చూడగలం.

ఏది మంచిది? 2018లో అమెరికా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 609 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు కొవ్వు తక్కువ తిండి, ఇంకో గుంపుకు పిండి పదార్థం తక్కువ తిండి. ఏడాది తర్వాత చూస్తే ఒక గుంపు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఏ గుంపు చూసినా అందులో కొందరు చాలా తగ్గారు, కొందరు అసలు తగ్గలేదు, కొందరు పెరిగారు కూడా. కాబట్టి డైట్ పేరు మీద కొట్లాట వద్దు. మన షిఫ్టుకు, మన జేబుకు, మన ఇంటి పొయ్యికి ఏది నిలుస్తుందో అదే మన డైట్.

మొదటి పదిహేను రోజులు

డైట్ విడిచిపెట్టేవాళ్ళలో చాలామంది మొదటి పదిహేను రోజుల్లోనే విడుస్తారు. ఆ రోజుల్లో చిరాకు, కలలో భోజనం, పిల్లల మీద కేకలు. దీన్ని మనోబలం లేకపోవడం అనుకుంటాం. 1945లో అమెరికాలో మినెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి పెట్టాడు. వాళ్ళంతా ఇష్టపడి వచ్చినవాళ్ళే. కొద్ది నెలల్లో వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదివేవాళ్ళు, కంచాలు నాకేవాళ్ళు, ఊరికే కోపం తెచ్చుకునేవాళ్ళు. 1,570 అనే ఆ అంకె చూడండి, టెంపుల్ గింజల లెక్క పక్కనే ఉంది. చిరాకు మన గుణం కాదు, ఒళ్ళు చేసే ఫిర్యాదు. అందుకే ఒక్కసారిగా సగం కోసేయకుండా మెల్లగా తగ్గించాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా వారానికి అరకిలో తగ్గితే చాలు, బరువు తగ్గే డైట్ అయినా రోజుకు 1,000 కేలరీలకు దిగకూడదు అని చెబుతుంది.

ఇక మన పేట లెక్కలు కొన్ని.

మొదటిది చాయ్. కార్ఖానాలో రోజుకు ఎనిమిది చాయ్‌లు తాగేవాళ్ళున్నారు. ఒక్కో కప్పులో రెండు చెంచాల చక్కెర వేస్తే రోజుకు 80 గ్రాములు, 320 కేలరీలు, పాలు లెక్క వేయకుండానే. ధాత కరువులో ఒక మనిషి రోజు గింజల్లో అయిదో వంతు ఇది. రొట్టె ముట్టుకోకుండా చాయ్ ఒక్కటి సగానికి తగ్గించినా పదిహేను రోజుల్లో తేడా తెలుస్తుంది.

రెండోది జొన్న రొట్టె. "జొన్నలైతే ఎన్నైనా తినొచ్చు" అనేది మన పేటలో గట్టి నమ్మకం. గ్రాముకు గ్రాము జొన్న పిండిలో, గోధుమ పిండిలో కేలరీలు దాదాపు ఒకటే. 60 గ్రాముల పిండితో చేసిన రొట్టెకు దాదాపు 200. జొన్న మేలు వేరే చోట ఉంది. పీచు ఉంటుంది, నమిలి తినాలి, కడుపు నిండినట్టు ఉంటుంది. పిండి గిన్నెతో కొలిచి రొట్టెలు చేస్తే లెక్క తప్పదు. శేంగ చట్నీ మంచిదే, కానీ చెంచాకు 50 కేలరీలకు పైనే. కంచం అంచున ఉండాల్సిన చట్నీ కూర బదులు కూర్చోకూడదు. కూర ఎక్కువ కావాలి. పోషకాహార సంస్థ లెక్కలో కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి రోజుకు 500 గ్రాములు. మన కంచంలో రొట్టె పెద్దది, కూర చిన్నది. దాన్ని తిరగేస్తే సగం డైట్ అయిపోయినట్టే.

మూడోది ఉపవాసం. పండరిపురం మన జిల్లాలోనే ఉంది కాబట్టి ఏకాదశి మనకూ పండుగే. "ఏకాదశీ, దుప్పట్ ఖాశీ" అని మరాఠీ వాళ్ళు ఊరికే అనలేదు. సాబుదానా అంటే ఉత్త పిండి, దాంట్లో నూనె, పల్లీలు, పక్కన ఆలుగడ్డ. అది భక్తికి ఉపవాసం, ఒంటికి విందు. రెండింటినీ కలపవద్దు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మందులు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా పూట మానేయవద్దు. మాత్ర లోపలికి పోయి, తిండి పోకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో అయితే మంచం మీద పడతాం. రాత్రి షిఫ్టులో, నడుస్తున్న మగ్గం పక్కన కళ్ళు తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. డైట్ మార్చే ముందు మందు మోతాదు మార్చాలా అని అడగడం డాక్టరు పని తేలిక చేయడమే. రాత్రి పని చేసేవాళ్ళు తమ షిఫ్టు వేళలు కూడా చీటీ రాసేటప్పుడే చెప్పాలి. పొద్దున ఎనిమిదికి టిఫిన్ అని రాసి ఇస్తే, పొద్దున ఎనిమిదికి పడుకునే మనిషికి అది పనికిరాదు.

ఇంట్లో చివరి కంచం

ఇప్పుడు అసలు మాట. మనం డైట్ అంటున్నప్పుడు ఎవరి కంచం గురించి మాట్లాడుతున్నాం?

బీడీలు చుట్టే మన అక్కలు, వదినలు పొద్దున్నే లేచి ఇంటి పని ముగించి, బ్రాంచికి పోయి బీడీలు ఇచ్చి, ఆకు, తంబాకు తెచ్చుకుని కూర్చుంటారు. కూలి వెయ్యి బీడీల లెక్క మీద. అన్నానికి లేస్తే బీడీలు తగ్గుతాయి, బీడీలు తగ్గితే కూలి తగ్గుతుంది. అందుకని మధ్యాహ్నం చాయ్‌తోనే గడిపేస్తారు. రాత్రి అందరూ తిన్నాక మిగిలింది తింటారు. కూర అయిపోతే రొట్టె, చట్నీ, ఇంత గంజి.

ఇట్లా ఏళ్ళు గడిచాక ఒకరోజు నడుము కొలిస్తే 90 వస్తుంది, డాక్టరు డైట్ అంటాడు. ఆ అక్క ఏం చేస్తుంది? ఇంకో పూట మానేస్తుంది. ఆమె అప్పటికే తింటున్నది టెంపుల్ లెక్క. దాంట్లోంచి ఇంకా కోసేస్తుంది. ఒంట్లో రక్తం తగ్గుతుంది, పొట్ట మాత్రం తగ్గదు.

ఇది ఒక్క మన పేట సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అదే సర్వేలో 24 శాతం మంది ఆడవాళ్ళు బరువు ఎక్కువ ఉన్నారు. ఈ రెండు అంకెలూ వేరు వేరు ఇండ్లవి కావు. చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటాయి, కొన్నిసార్లు ఒకే ఒంట్లో ఉంటాయి. ఆ అక్కకు కావాల్సింది తక్కువ తిండి కాదు, వేరే తిండి. చాయ్, తెల్ల బియ్యం తగ్గి, పప్పు, గుడ్డు, ఆకుకూర పెరగాలి. దానికి ఆమె మనోబలం చాలదు. ఇంట్లో మిగతావాళ్ళు తమ కంచం పక్కకు జరిపి ఆమెకు చోటు ఇవ్వాలి.

మన దగ్గర ఇండ్లలో పొయ్యి ఒక్కటే. డైట్‌లో ఉన్న మగవాడికి వేరే కూర, వేరే రొట్టె చేసి పెట్టేది ఆమే. ఆమె డైట్‌లో ఉంటే ఎవరు చేసి పెడతారు? ఈ ప్రశ్నకు జవాబు ఏ ఫోన్ డైట్‌లోనూ లేదు. అది మన ఇంట్లోనే దొరకాలి.

సమాజం ఏం చేయవచ్చు

కుంభారి దగ్గర బీడీ కార్మికుల ఇండ్లు, 2024 జనవరిలో ప్రధాని అప్పగించిన రాయ్‌నగర్ ఇండ్లు ఊరికే రాలేదు. మన అక్కచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి జెండా పట్టి నడిస్తే వచ్చాయి. కలిసి అడిగితే సాధ్యమవుతుందని మనకు తెలుసు. అందుకని మూడు మాటలు సమాజం ముందు పెడుతున్నాం.

ఒకటి, నారళీ పౌర్ణమికి మార్కండేయ స్వామి రథోత్సవం లోపు ప్రతి గల్లీలో ఒక ఆదివారం నడుము టేపు, బి.పి., షుగర్, రక్తం శాతం పరీక్ష పెట్టాలి. ఆడవాళ్ళకు రక్తం శాతం చూడకుండా డైట్ చెప్పవద్దని వచ్చే డాక్టర్లను ముందే కోరాలి.

రెండు, జొన్నలు కోతల కాలంలో రైతుల దగ్గర టోకున కొని, కార్డు మీద అసలు ధరకే ఇండ్లకు ఇవ్వాలి. నూలు కలిసి కొన్న మనకు జొన్నలు కలిసి కొనడం కష్టం కాదు.

మూడు, దీనికి పైసా ఖర్చు లేదు. రాత్రి భోజనానికి ఇంటి ఆడవాళ్ళు కూడా అందరితో పాటే కూర్చోవాలి. కూర అందరి కంచాల్లో ఒకేసారి పడాలి.

1877లో మనవాళ్ళ తిండి కొలిచింది ఎవరో దొర. 1972లో కొలిచింది కరువు పని ముకద్దము. ఇప్పుడు గిన్నె మన చేతిలో ఉంది. దాంతో మన ఒక్కరి కంచమే కొలుచుకుంటే సరిపోదు, ఇంట్లో ఎవరి కంచం ఖాళీగా ఉందో కూడా చూడాలి.

మీ ఇంట్లో 1972 రోజులు గుర్తున్న పెద్దలు ఉంటే వాళ్ళను కూర్చోబెట్టి అడగండి. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎవరు తినకుండా ఉన్నారు అని రాసి సమాజానికి ఇవ్వండి. వచ్చే సంచికల్లో అవే వేసుకుందాం.

జై మార్కండేయ.